గీకేసిన బొడిపె

ఆ ఊళ్ళో సగం మంది నవ్వులు ఒక మనిషి చేతుల్లో తయారైనవే. అయినా బజారులో ఎదురుపడితే ఆయన్ని గుర్తుపట్టేవాళ్ళు పదిమంది కూడా ఉండరు. పళ్ళ డాక్టరు నోరు చూస్తాడు, ముద్ర తీస్తాడు, దండాలు పెట్టించుకుంటాడు. ఆ పళ్ళు నిజంగా చేసేవాడు మాత్రం ఎక్కడో మేడ మీద గదిలో ప్లాస్టర్ దుమ్ము కొట్టుకుని కూర్చుంటాడు. మన మనిషి అలా ముప్ఫై ఏళ్ళుగా కూర్చున్నాడు. డాక్టర్లు ఆయన్ని మేస్త్రీ అంటారు. ఆయన బావ మరీ వెటకారంగా పళ్ళ మేస్త్రీ అంటాడు. మనం మేస్త్రీ అనుకుంటే చాలు.

కాగితాలూ కలాలూ అమ్మే దుకాణం పైన ఉంది ఆయన గది. మెట్లెక్కగానే ఎడమవైపు ప్లాస్టర్ కలిపే రబ్బరు గిన్నెలు, కుడివైపు మెరుగు పట్టే మోటారు, కిటికీ కింద పొడుగాటి బల్ల, దాని మీద మైనం కరిగించే దీపం. వెనక గోడ నిండా అలమర. అందులో వరసలు వరసలుగా ప్లాస్టర్ దవడలు, ఒక్కోదాని కింద పెన్సిలుతో నంబరు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ అలమర చూసి జడుసుకుంటారు. మేస్త్రీ మాత్రం పని లేనప్పుడు వాటిని తీసి తుడిచి మళ్ళీ పెడుతూ ఉంటాడు.

ఆయన పని తీరు ఒకటి ఇక్కడే చెప్పుకోవాలి, లేకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. డాక్టరు మెత్తటి ముద్దను రోగి నోట్లో పెట్టి ముద్ర తీసి పంపిస్తాడు. అందులో మేస్త్రీ ప్లాస్టర్ పోస్తే ఆ నోరు నోరంతా మోడల్ అయి బయటికొస్తుంది. ముద్ర తీసేటప్పుడు ఎక్కడైనా గాలిబుడగ చిక్కుకుంటే, ఆ ఖాళీలో ప్లాస్టర్ నిండి మోడల్ మీద బొడిపె ఒకటి పుడుతుంది. నోట్లో అలాంటిదేమీ ఉండదు, అది గాలి చేసిన దొంగ బొడిపె. కత్తి మొనతో ఒక్కసారి తడితే ఊడి పడుతుంది. రోజుకు అలాంటివి పదైనా తీసేస్తాడు మేస్త్రీ. తీయకపోతే ఆ మోడల్ మీద కట్టిన పళ్ళ ప్లేటు నోట్లో సరిగ్గా కూర్చోదు, డాక్టరు ఫోన్ చేసి నాలుగు మాటలు అంటాడు, పేరు పోతుంది.

మేస్త్రీ అక్క బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ఇరవై ఆరేళ్ళుగా ఆ ఊరికి చెబుతున్నది ఆవిడ గొంతే. ఆవిడ ఇంట్లో మాట్లాడినా మైకులో మాట్లాడినట్టే ఉంటుంది, ఒక్కో అక్షరం ఒలిచి పెట్టినట్టు. మూడేళ్ళ కిందట బస్టాండు మెట్ల మీద కాలు జారి బోర్లా పడింది. పైవరస ముందు పళ్ళు నాలుగు ఊడిపోయాయి. "మైకులోంచి గాలి వస్తోంది, మాట రావడం లేదు" అని బావ హాస్యమాడాడు గానీ, ఆ వారం ఆవిడ ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

ప్లేటు తనే చేస్తానన్నాడు మేస్త్రీ. అందులో గొప్పేముంది, అక్కకు చేయకపోతే ఎవరికి చేస్తాడు. డాక్టరు దగ్గరనుంచి ముద్ర వచ్చింది. ప్లాస్టర్ పోశాడు. గట్టిపడ్డాక విప్పి చూస్తే అంగిట్లో కుడివైపు, బాగా వెనక, ఒక బొడిపె ఉంది.

కత్తి తీసుకుని అలవాటుగా తట్టాడు. ఊడలేదు.

ఇంకోసారి తట్టాడు. అప్పుడు వేలితో తడిమి చూశాడు. గాలిబుడగ బొడిపె గుండ్రంగా, తెచ్చి అతికించినట్టు ఉంటుంది. ఇది అలా లేదు. అడుగు వెడల్పుగా, పైకి మెల్లగా లేచి, అంగిలితో పాటే పుట్టినట్టు ఉంది. ఇది గాలి పని కాదని ఆయన చేతికి తెలిసింది. ముప్ఫై ఏళ్ళ చెయ్యి, తెలియకుండా ఎలా ఉంటుంది. డాక్టరుకు ఫోన్ చేసి 'అంగిట్లో ఏదో ఉందండీ, ఒకసారి చూడండి' అంటే సరిపోయేది. ఫోను బల్ల మీదే ఉంది.

కానీ సరిగ్గా అంతకుముందు వారం ఇంకో రోగి మోడల్ గురించి ఫోన్ చేస్తే, ఆ డాక్టరే "నువ్వు పళ్ళు చెయ్యి మేస్త్రీ, డాక్టరీ నాకు వదిలెయ్యి" అన్నాడు. పక్కనున్న నర్సు నవ్వడం కూడా ఫోనులో వినబడింది. ఆ మాట ఇంకా గొంతులో వెలక్కాయలా అడ్డం పడి ఉంది. మళ్ళీ వెళ్ళి చీవాట్లు తినడమెందుకు అనుకున్నాడు. ఉంటే ఆయన చూసే ఉంటాడు, చూడలేదంటే ఏమీ లేనట్టే, ముద్ర తీసేటప్పుడే ఏదో ముడత పడి ఉంటుంది అని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. అక్కకు ప్లేటు అద్దంలా అమరాలి, అదొక్కటే కావాలి ఆయనకు. కత్తి పడుకోబెట్టి గీకాడు. నాలుగు సార్లు గీకితే గానీ పోలేదు. పొడి ఊదేశాడు, మీద చేత్తో నిమిరాడు, నున్నగా ఉంది.

ఆ డాక్టరు నిజంగానే చూడలేదు. ఆయన కళ్ళు ఊడిన పళ్ళ మీద ఉన్నాయి, వెనక ఎత్తుగా ఉన్న చోట నొప్పి లేదు, రంగు మారలేదు. అది ఆయన తప్పు, ఆయనే మోసుకోవాలి. మేస్త్రీ తప్పు మేస్త్రీది.

ప్లేటు పెట్టుకున్న రెండు వారాలకు అక్క మెట్లెక్కి వచ్చింది, వెనక ఒత్తుకుంటోందని. డాక్టరు దగ్గరికి పో అనలేదు మేస్త్రీ. ప్లేటు తీసుకుని, లోపలివైపు ఆ చోట మోటారుతో కాస్త అరగదీసి గుంట చేసి ఇచ్చాడు. ఏడాది తిరిగాక మళ్ళీ వచ్చింది. మళ్ళీ గుంట లోతు చేశాడు. మూడోసారి అరగదీస్తుంటే ఆ చోట ప్లేటు ఎంత పల్చబడిందంటే, కిటికీ వైపు పట్టుకుంటే వెలుతురు కనబడింది. "తప్పు ప్లేటుది కాదక్కా, నీ అంగిలే వంకర" అన్నాడు. బావ పడీ పడీ నవ్వాడు. అక్క కూడా నవ్వింది. ఈ మూడుసార్లలో ఒక్కసారి కూడా నోరు తెరవమని అడగలేదు మేస్త్రీ. నోళ్ళు చూడటం డాక్టర్ల పని, మోడల్ చూడటం తన పని, అది ఆ వృత్తిలో కట్టుబాటు లాంటిది. ఆ కట్టుబాటు చాటున మూడేళ్ళు గడిచిపోయాయి.

చివరికి ఆ పల్చటి చోటే ప్లేటు పగిలింది. అక్క మైకు ముందు ఉండగా పటుక్కుమంది. ప్లేటు తీసేశాక ఆవిడ నాలుకతో తడుముకుని, లోపల గోలీ అంత ఏదో ఉందని డాక్టరు దగ్గరికి పరిగెత్తింది. ఆయన టార్చి వేసి ఒక్కసారి చూశాడు. అక్కడికక్కడే పెద్దాసుపత్రికి కాగితం రాసిచ్చాడు.

పెద్దాసుపత్రిలో ముక్క తీసి పరీక్షకు పంపారు, స్కాన్ తీశారు. పది రోజుల తర్వాత ముగ్గురూ వెళ్ళారు: అక్క, బావ, మేస్త్రీ. సర్జన్ నలభై ఏళ్ళావిడ, నెమ్మదస్తురాలు. ఏదీ దాచకుండా చెప్పే రకం.

"లాలాజలం ఊరే గ్రంథులు చెవుల పక్కన, దవడ కింద పెద్దవి ఉంటాయి కదమ్మా. అంగిట్లో, పెదవుల్లో కూడా కంటికి కనబడనంత చిన్నవి వందల కొద్దీ ఉంటాయి. చెవి పక్క గ్రంథిలో వచ్చే గడ్డలు ఎక్కువ భాగం హాని చేసేవి కావు. అంగిట్లో వచ్చేవి మాత్రం సగానికి సగం చెడ్డవే. మీది చెడ్డదే" అంది.

అక్క తల ఊపింది. బావ చేతిలోని టోపీ రెండు చేతులా నలిపేస్తున్నాడు.

"తీసేస్తే పోతుంది కదండీ" అన్నాడు.

"తీసేయాలి. ఎంత తీయాలన్నదే ప్రశ్న. ముక్క చాలా చిన్నది, అందులో కణాలు రెండు మూడు రకాల గడ్డలకు దగ్గరగా కనబడుతున్నాయి. నిదానంగా పెరిగే రకమైతే అంగిలి, పై దవడ ఎముక కొంత తీస్తే సరిపోతుంది. దూకుడుగా పెరిగే రకమైతే మెడలో కూడా కోసి అక్కడి గ్రంథులు తీసేయాలి. అది పెద్ద ఆపరేషన్. భుజం పట్టేస్తుంది, మెడ మునుపటిలా తిరగదు. ఎన్నాళ్ళుగా ఉందమ్మా ఇది?"

"ఆరు నెలల నుంచి ప్లేటు అంచు దగ్గర నాలుకకు తగులుతోంది" అంది అక్క.

"ఆరు నెలల్లో ఇంతైందంటే దూకుడే. అంతకుముందుదేమైనా ఉందా? ప్లేటు చేసినప్పటి మోడల్ దొరుకుతుందా? సోమవారం డాక్టర్లందరం కూర్చుని తేలుస్తాం. అప్పటికి తెస్తే చాలా ఉపయోగం. ఇంతకీ ప్లేటు ఎవరు చేశారు?"

"మా తమ్ముడే" అంది అక్క. ఆ స్థితిలో కూడా ఆ మాట గర్వంగానే అంది.

"వాడి అలమరలో ఊరందరి పళ్ళూ ఉంటాయి డాక్టరుగారూ, మా ఆవిడవి లేకుండా ఉంటాయా" అన్నాడు బావ.

మేస్త్రీ నీళ్ళు నమిలాడు. "చూడాలండీ, మూడేళ్ళ మాట కదా" అన్నాడు. అలమరలో పై వరసలో కుడి చివర, బట్టలో చుట్టి మరీ దాచాడు ఆ మోడల్‌ని. కళ్ళు మూసుకుని తీసుకురాగలడు.

ఆదివారం దుకాణం మూసి ఉంటుంది. మధ్యాహ్నం మేస్త్రీ ఒక్కడే మేడెక్కి, మోడల్ తీసి బల్ల మీద పెట్టుకున్నాడు. అంగిలంతా సన్నటి గీతలు, మనిషి చర్మం మీద ఉన్నట్టు. కుడివైపు వెనక మాత్రం ఒక చోట గీతల్లేవు, నున్నగా ఉంది. ఎవరు చూసినా ఇక్కడ కత్తి పడిందని చెప్పగలరు. చెత్తబుట్టలో పడేద్దామా అనిపించింది. పడేస్తే డాక్టరమ్మకు ఆరు నెలల మాటే మిగులుతుంది, అక్క మెడ కోస్తారు. తీసుకెళితే అక్క ముందు, బావ ముందు తను చేసింది బయటపడుతుంది. ఏ మొహం పెట్టుకుని నిలబడాలి?

అప్పుడు ఆయనకు తట్టిన ఉపాయం ఇంకెవరికీ తట్టేది కాదు. ఆ పని చేతనైనవాడికే తడుతుంది. పోయిన బొడిపెను తిరిగి పెట్టేస్తే?

మోడల్ పోసిన రకం పసుపుపచ్చ ప్లాస్టరే చెంచాడు తీసి పల్చగా కలిపాడు. నున్నటి చోటును తడిపి, కుంచెతో చుక్క చుక్కగా వేశాడు. ఆరుతుండగానే కత్తి మొనతో చుట్టూ సన్నటి గీతలు దిద్దాడు. రంగు తేడా తెలియకుండా పాత దుమ్ము అద్దాడు. చెయ్యి వణకలేదు, అదే ఆశ్చర్యం. పని మధ్యలో అక్క ఫోన్ చేసింది.

"ఏం చేస్తున్నావ్రా?"

"పనిలో ఉన్నానక్కా."

"ఆదివారం కూడానా. మోడల్ దొరికిందా?"

"ఆఁ, దొరికింది."

"నాకు తెలుసు నువ్వు పారెయ్యవని" అని ఫోన్ పెట్టేసింది.

ఇంకొక్క సంగతి ఉంది, ఇది ఆయన చాలాకాలం తనకు తాను కూడా ఒప్పుకోలేదు. అసలు బొడిపె ఎంత ఉండేదో ఆయన వేళ్ళకు గుర్తుంది. అడుగు వెడల్పు చిటికెన వేలి గోరు కన్నా ఎక్కువే. కొత్తగా పెట్టింది మాత్రం అందులో సగం. ఇంత చిన్నది కాబట్టే ఎవరూ పట్టించుకోలేదు అనుకోవాలి చూసినవాళ్ళు. తప్పుతో పాటు బొడిపెను కూడా చిన్నది చేశాడు.

సోమవారం మోడల్ చూడగానే డాక్టరమ్మ ముఖం విప్పారింది. "ఇదే కావాలి. ఎంత శుభ్రంగా చేశారండీ" అంది. మేస్త్రీకి ఆ మెప్పు చెంపదెబ్బలా తగిలింది. ఆవిడ సొరుగులోంచి కొలత తీసే చిన్న పట్టకారు తీసి బొడిపె మీద పెట్టింది. "ఏడు మిల్లీమీటర్లు" అని ఫైలులో రాసుకుంది. తర్వాత స్కాన్ ఫిల్ము వెలుతురు పెట్టెకు తగిలించి చూసింది. "ఇప్పుడు ఇరవై ఆరు. అంటే ఏడు నుంచి ఇరవై ఆరుకు పెరిగింది. తేలిగ్గా తీసుకోవడానికి లేదమ్మా. మెడ కూడా చేయాల్సిందే అనిపిస్తోంది. మిగతా డాక్టర్లకు కూడా ఇదే చెబుతాను."

అక్క చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది. కుడివైపు, చెవి కింద. ఆ చెయ్యిని చూశాడు మేస్త్రీ.

"ఆ కొలత కొట్టేయండి డాక్టరుగారూ."

"ఏం?"

"అది నేను పెట్టింది. నిన్న పెట్టాను."

గదిలో ముగ్గురూ ఆయన వైపు తిరిగారు. నేల చూస్తూ చెప్పాడు మేస్త్రీ. మూడేళ్ళ కిందట మోడల్ మీద బొడిపె ఉందనీ, గాలిబుడగ కాదని తెలిసే గీకేశాననీ, ఒత్తుకుంటోందని వచ్చిన మూడుసార్లూ ప్లేటు అరగదీశాననీ, నిన్న మళ్ళీ ప్లాస్టర్ అతికించాననీ చెప్పాడు. "ఎంత ఉండేదో తెలిసి కూడా చిన్నది పెట్టాను" అన్నాడు ఆఖరికి. ఆ ముక్క చెప్పడానికే ఎక్కువసేపు పట్టింది.

డాక్టరమ్మ మోడల్‌ని ఆయన ముందుకు తోసింది. "తీసేయండి."

గోటితో తట్టాడు. ఒక్క తట్టుకే ఊడి పడింది. కింద నున్నటి మచ్చ కోడిగుడ్డు ఆకారంలో స్పష్టంగా బయటపడింది. ఆవిడ కొలిచింది. "పద్నాలుగు" అంది. పగిలిన ప్లేటు ముక్కలు కూడా అడిగి తీసుకుని, లోపలి గుంటను కొలిచి, ఏ ఏడాది ఎంత అరగదీశాడో అడిగి రాసుకుంది. మేస్త్రీ తేదీలతో సహా చెప్పాడు. చాలాసేపు లెక్కలు చూసుకుని, "నిదానంగా, ఒకే తీరుగా పెరిగింది. మెడలో స్కాన్ కూడా శుభ్రంగా ఉంది. మెడ జోలికి వెళ్ళక్కర్లేదేమో, అందరితో మాట్లాడి చెబుతాను" అంది. తర్వాత కళ్ళజోడు తీసి మేస్త్రీని చూసింది. "మొదటిది పొరపాటు అనుకుంటాను. నిన్న చేసిందాన్ని ఏమనాలో నాకు తెలియడం లేదు."

"అప్పుడే చూసి ఉంటే ఏమయ్యేదండీ?" అని అడిగాడు మేస్త్రీ. అడగకుండా ఉండలేకపోయాడు.

"చిన్న కోత. వేలి కొన అంత గుంట. పళ్ళు పోయేవి కావు, ఎముక ఇంత పోయేది కాదు" అంది ఆవిడ. మాటను మెత్తబరచలేదు.

బయట వరండాలో అక్క బెంచీ మీద కూర్చుంది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే బావ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. మేస్త్రీ కూర్చోలేదు, కూర్చోవడానికి ముఖం చెల్లలేదు.

"నిన్న నేను ఫోన్ చేసినప్పుడు ఏదో పనిలో ఉన్నానన్నావు" అంది అక్క.

"ఇదే పని అక్కా."

అక్క ఇంకేమీ అనలేదు. ఇంటికి వెళ్ళేదాకా కాదు, మరో తొమ్మిది రోజుల దాకా ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని మేస్త్రీ అనుకున్నాడు గానీ, తిట్లు కోరుకునే హక్కు కూడా ఆ సమయంలో ఆయనకు లేదు.

మెడ వద్దని డాక్టర్లు తేల్చారు. ఆపరేషన్‌కు ముందు డాక్టరమ్మ మళ్ళీ పిలిచింది. అంగిలి కుడి సగం తీసేస్తే నోటికీ ముక్కుకూ మధ్య పెద్ద దారి పడుతుంది. తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తాయి, మాట కూడా ముక్కులోంచే పోతుంది. అందుకని ఆ దారిని మూసే ప్లేటు ముందే తయారుచేసి, ఆపరేషన్ బల్ల మీదే నోట్లో బిగించాలి. కొత్త మోడల్ మీద ఆవిడ నీలం పెన్సిలుతో గీత గీసింది. గీత లోపల ఐదు పళ్ళు, గడ్డ, సగం అంగిలి ఉన్నాయి. తయారుచేసేవాడు ఆ గీత దాకా ప్లాస్టర్ గీకేసి, ఆ ఖాళీ మీద ప్లేటు కట్టాలి.

"మా ఆసుపత్రిలో చేసేవాళ్ళున్నారు. ఎవరి చేత చేయించమంటారమ్మా?" అంది డాక్టరమ్మ. మేస్త్రీ వైపు చూడలేదు.

మేస్త్రీ తలుపు దగ్గర నిలబడ్డాడు. బావ నోరు తెరవబోతే అక్క చెయ్యెత్తి ఆపింది.

"వాడి చేతే చేయించండి."

"ఆలోచించుకోండి."

"జాలిపడి అనడం లేదు డాక్టరుగారూ. ఈ ఊళ్ళో వాడికన్నా బాగా ఇంకెవరూ చెయ్యరు. పైగా ఇప్పుడు వాడికి భయం పట్టుకుంది, భయంగా చేస్తాడు." అప్పుడు తమ్ముడి వైపు తిరిగింది. తొమ్మిది రోజుల తర్వాత మొదటి మాట. "ముందు వచ్చి చూడు. చూడకుండా చెయ్యకు."

డాక్టరమ్మ టార్చి ఇచ్చింది. అక్క తల వెనక్కి వాల్చి నోరు తెరిచింది. వేల నోళ్ళకు పళ్ళు చేసిన మనిషి ఒక నోట్లోకి వంగి చూడటం అదే మొదలు. ప్లాస్టర్‌లో చల్లగా పచ్చగా ఉండే అంగిలి ఇక్కడ ఎర్రగా, తడిగా, ఊపిరికి కదులుతోంది. కుడివైపు గడ్డ నిగనిగలాడుతోంది, మీద నీలపు నరాలు పాకి ఉన్నాయి. దానికి మూడుసార్లు చోటు చేసి ఇచ్చింది తనే.

ఆ కొత్త మోడల్‌ని గదికి తెచ్చుకుని నీలం గీత లోపల కత్తి పెట్టాడు. అప్పుడు నాలుగు గీతలు, ఇప్పుడు అరగంట. అదే చోట, అదే కత్తి. గీకిన పొడిని ఊదేయలేకపోయాడు. కాగితం మీద కూడదీసి, ఏం చేయాలో తెలియక అలాగే మడిచి సొరుగులో పెట్టాడు.

ఆపరేషన్ ఐదు గంటలు పట్టింది. ప్లేటు ఒక్కసారికే అమరిందని డాక్టరమ్మ బయటికొచ్చి చెప్పింది. మేస్త్రీ తల దించుకుని విన్నాడు. గడ్డ మొత్తం పరీక్ష చేశాక రకం తేలింది. నిదానంగానే పెరుగుతుంది గానీ నరాల వెంట పాకే రకం. ఒక నరం దగ్గర అంచు మరీ సన్నగా మిగిలిందని ఆరు వారాలు రేడియేషన్ ఇచ్చారు. నోరు ఎండిపోయింది, రుచి పోయింది, కొన్నాళ్ళు మెత్తటి తిండి తప్ప దిగలేదు. ఐదేళ్ళ దాకా బాగుండే అవకాశమే ఎక్కువన్నారు. అయితే ఇది పదేళ్ళకు కూడా ఊపిరితిత్తుల్లో తలెత్తగలదు కాబట్టి ఏటా చూపించుకుంటూ ఉండాలన్నారు. అంచు దగ్గరి ఆ నరం మూడేళ్ళ కిందట గడ్డకు దూరంగానే ఉండి ఉంటుందేమో. ఆ మాట మేస్త్రీ డాక్టరమ్మను అడగలేదు, ధైర్యం చాలలేదు.

ఐదో నెలలో అక్క మళ్ళీ మైకు ముందు కూర్చుంది. కొత్త ప్లేటుతో మాట దాదాపు మునుపటిలాగే వస్తోంది, చివర్లో కొంచెం ముక్కు పలుకు తప్ప. మైకు బాగు చేయించండని ప్రయాణికులు ఇద్దరు ఫిర్యాదు పుస్తకంలో రాశారు. అది చదివి బావ చాలా రోజుల తర్వాత నవ్వాడు.

మేస్త్రీ ఇప్పుడు మోడల్ మీద ఏ చిన్న బొడిపె కనబడినా ఫోన్ చేస్తాడు. ఒక్క తట్టుకు ఊడిపోయే దాన్ని కూడా తట్టడు. 'నోట్లో చూశారా' అని అడుగుతాడు. ఇద్దరు డాక్టర్లు విసుక్కుని పని వేరేవాళ్ళకు ఇచ్చేశారు. పళ్ళ మేస్త్రీకి చాదస్తం ముదిరిందని చెప్పుకుంటారు. చాదస్తం ఎందుకొచ్చిందో మేస్త్రీ ఎవరికీ చెప్పడు. చెప్పాలని రిసీవరు ఎత్తిన ప్రతిసారీ అనుకుంటాడు.

నెలకోసారి అక్క ప్లేటు సరిచూపించుకోవడానికి మెట్లెక్కి వస్తుంది. ఎక్కడ ఒత్తుకుంటోందో చెబుతుంది. మేస్త్రీ చేతులు కడుక్కుని, టార్చి తీసి, ముందు నోట్లోకి చూస్తాడు. చూసి డాక్టరమ్మకు ఫోన్ చేసి, ఆవిడ సరేనన్నాకే మోటారు తిప్పుతాడు. మొన్న వచ్చినప్పుడు ప్లేటు తీసి ఆయన చేతిలో పెట్టి, అక్క అడిగింది. ప్లేటు లేకపోతే ఆవిడ మాట బయటివాళ్ళకు తెలియదు, తమ్ముడికి తెలుస్తుంది.

"ఎంతుందిరా గుంట? నేను ఎప్పుడూ చూడలేదు. అద్దంలో కూడా చూడలేదు."

చిన్నదే అక్కా, తగ్గుతోంది అనేస్తే పోయేది. నోటిదాకా వచ్చింది కూడా. మేస్త్రీ పట్టకారు తీసి కొలిచాడు.

"నాలుగు సెంటీమీటర్ల పొడవు. మూడు వెడల్పు."

"అప్పుడే చూసి ఉంటే?"

మేస్త్రీ చిటికెన వేలు పైకెత్తి, కొన దగ్గర బొటనవేలి గోరు ఆనించి చూపించాడు.

అక్క ఆ వేలి వంక చూసింది. చెయ్యి చాచి ప్లేటు తీసుకుని, కుళాయి కింద కడిగి, నోట్లో పెట్టుకుంది. "రెండు గంటల బస్సు చెప్పాలి" అంది. ఈసారి మాట స్పష్టంగా వచ్చింది. సంచీ తగిలించుకుని మెట్లు దిగింది.

కింద వీధి తలుపు వేసిన చప్పుడైంది. మేస్త్రీ ఇంకా వేలు అలాగే పట్టుకుని ఉన్నాడు.